పన్నెండో గడి

అక్టోబర్ 13, ఆదివారం

ఇంట్లో వాళ్లు నాకొక పేరు పెట్టారు. అనుమానాల పుట్ట. నిన్న దశైం పండగ. పెరుగూ కుంకుమా కలిపిన బియ్యం నా నుదుటి మీద అద్దుతూ నాన్న అందరూ వినేట్టు దీవించాడు. ఈ పిల్లకు ఆయుష్షు ఇవ్వు, మంచి ఉద్యోగం ఇవ్వు, ఆ అనుమానం ఒక్కటీ తీసెయ్ అని. అమ్మ నవ్వింది. మా హోటల్లో తందూరు దగ్గర పనిచేసే టేక్ బాబాయ్ అయితే, అనుమానం తీసేస్తే ఇక ఈ పిల్లలో మిగిలేదేముంది అక్కా, జడ తప్ప, అన్నాడు.

నేను అనుమానించను. చూస్తాను. చూసినదాన్ని గురించి అడుగుతాను. ఈ ఇంట్లో అడగడమే నేరం. అమ్మ దృష్టిలో ఇది పర్మనెంటు ఉద్యోగం దొరకని కోపం. నాన్న దృష్టిలో కాలేజీ చేసిన పాడు. నేపాల్‌లో, బాగ్లుంగ్‌లో ఉన్న పెద్దమ్మకు అమ్మ ఫోన్లో చెబుతున్న మాట మాత్రం వేరు, పిల్ల మా మీద బెంగ పెట్టుకుని నీగాటా సిటీ వదిలేసి వచ్చేసిందని. బెంగా లేదు, ఏమీ లేదు. కాంట్రాక్టు అయిపోయింది, వచ్చాను.

వారానికి మూడు రోజులు టౌన్ ఆఫీసులో పని. విదేశీయుల కోసం నెలనెలా వేసే వార్తల కాగితాన్ని నేపాలీలోకి మారుస్తాను. ఏ చెత్త ఏ రోజు, ఫ్లూ సూదులు ఎక్కడ, ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలి. మిగతా రోజులు మా 'ధవళగిరి' హోటల్లో చీజ్ నాన్ మోస్తాను. పదకొండేళ్ల వయసులో నేపాల్ నుంచి జపాన్ వచ్చాను, ఇప్పుడు ఇరవై నాలుగు. ఓసాకాలో ఒక కంపెనీ రెండో ఇంటర్వ్యూకు పిలిచింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే దానికీ వాళ్లకు నచ్చిన అర్థం తీస్తారు.

అక్టోబర్ 20, ఆదివారం, ఉదయం 8.40

పసుపు గుడ్డలు.

కిటికీ తెరిచేసరికి మా వీధిలో ప్రతి ఇంటి గేటుకీ ఒక పసుపు గుడ్డ వేలాడుతోంది. లెక్కపెట్టాను. పదమూడు. మా వరుసలో ఇళ్లు పద్నాలుగు. గుడ్డ లేనిది మాదొక్కటే.

కిందికి పరుగెత్తాను. ఇద్దరు పెద్దమనుషులు చేతిలో కాగితం పట్టుకుని ఇల్లిల్లూ చూసుకుంటూ వస్తున్నారు. ఒకాయన కుమాగాయి గారు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి, ఈ ఏడాది మా మూడో వరుసకు పెద్ద. గుడ్డ చూడటం, కాగితం మీద టిక్కు పెట్టడం, ముందుకు నడవడం. పక్కింటి హొసొయా గారి గేటు దగ్గర టిక్కు పెట్టారు. మా గేటు ముందు నుంచి నడిచారు. ఆగలేదు. కనీసం తల తిప్పలేదు. మా తర్వాతి ఇంటి దగ్గర మళ్లీ టిక్కు.

ఎవరైనా ఇంటి ముందు నుంచి పోతూ ఒక్కసారి కూడా చూడకుండా ఉండటం అంత తేలిక కాదు. దానికి సాధన కావాలి.

అమ్మను అడిగితే, వాళ్లదేదో పండగ అయ్యుంటుంది, మన పండగలకు వాళ్లను పిలుస్తున్నామా అంది. టేక్ బాబాయ్, పసుపు గుడ్డ కట్టిన ఇంట్లో పెళ్లికాని పిల్ల లేదని అర్థం, అందుకే మనింటికి కట్టలేదు అన్నాడు. నాన్న సగం తాగిన టీ వదిలేసి కిందికి వెళ్లిపోయాడు. ఆదివారం పూట నాన్న టీ వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

అక్టోబర్ 22, మంగళవారం

ఆఫీసులో తెలిసింది. ఆ రోజు భూకంపం డ్రిల్లు. పసుపు గుడ్డ కడితే మా ఇంట్లో అందరం క్షేమం, మా తలుపు కొట్టక్కర్లేదు, పక్క ఇల్లు చూడండి అని అర్థం. గుడ్డ లేని ఇంట్లోకి వెళ్లి పిలిచి చూస్తారు. గుడ్డ లేకపోయినా మా ఇంటికి ఎవరూ రాలేదు.

మా వార్తల కాగితం సెప్టెంబర్ సంచిక తీసి చూశాను. డ్రిల్లు గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. రెండోది: "వివరాలు మీ వీధి సంఘం తెలియజేస్తుంది." నేపాలీలో ఆ వాక్యం రాసింది నేనే. చాలా చక్కగా రాశాను.

వీధి సంఘం తెలియజేసేది ఇంటింటి బోర్డుతో. ఒక అట్టకు కాగితాలన్నీ గుచ్చి పంపుతారు. ప్రతి ఇల్లూ చదివి, తన గడిలో సంతకానికి బదులు ఇంటిపేరు ముద్ర వేసి, పక్కింటికి ఇస్తుంది. ఇంటర్నెట్ వచ్చినా ఈ ఊళ్లో అసలు వార్త నడిచేది దాని మీదే. నేను ఇంటికొచ్చి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఆ బోర్డు మా గుమ్మంలో ఒక్కసారి కూడా చూడలేదు.

అక్టోబర్ 23, బుధవారం

బోర్డు సంగతేమిటని అడిగితే నాన్న ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. పక్క గిన్నెలో రేపటికి సరిపడా తరిగి ఉన్నాయి.

అక్టోబర్ 26, శనివారం

చూశాను.

శనివారాలు హొసొయా గారికి రెండు సాదా నాన్‌లూ పప్పూ తీసుకెళ్లి ఇస్తాను. ఆవిడకు డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. ఖాళీ గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాదు, ఒక ముల్లంగో రెండు వంకాయలో ఉంటాయి. ఈ రోజు ఆవిడ లోపలికి వెళ్లినప్పుడు చెప్పుల అర మీద ఆకుపచ్చ అట్ట కనబడింది. పైన కట్టిన కాగితంలో పద్నాలుగు గడులు. గడి పక్కన ఇంటిపేరు. గడిలో ఎర్ర ముద్ర.

పన్నెండో గడి మాది. ఛంత్యాల్. దాంట్లో ముద్ర ఉంది.

గుండ్రంగా, ఎర్రగా, మా ఇంటిపేరుతో. మసకగా కూడా లేదు, అలవాటైన చేతితో వేసినట్టు నిటారుగా పడింది. పక్కన తారీఖు 24. అంటే మొన్న గురువారం మా ఇల్లు ఈ కాగితాలన్నీ చదివి, సరే అంది.

హొసొయా గారు ముల్లంగితో వచ్చారు. నేను అట్ట వైపు చూడటం చూశారు. చలి మొదలైంది కదండీ అన్నారు. అవునండీ అన్నాను.

సాయంత్రం 4.00

అమ్మ ముద్ర ఎప్పుడూ ఉండే చోటే ఉంది, బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ సంచిలో. హోటల్ షాపు లీజుకు వేసింది అదే. తీసి కాగితం మీద వేసి చూశాను. అక్షరాల ఆకారమే వేరు. కాబట్టి మా పేరుతో రెండో ముద్ర ఒకటి ఈ ఊళ్లో తిరుగుతోంది.

అమ్మ వచ్చి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఏం చేస్తున్నావే అంది. పురుగు పట్టిందేమోనని అన్నాను. ఇక పురుగుల మీద కూడా అనుమానమా అని వెళ్లిపోయింది.

మాలాంటి పేరుతో ముద్రలు ఏ షాపులోనూ రెడీగా దొరకవు. ఎవరో ప్రత్యేకంగా చెక్కించాలి. ఎవరు? ఎందుకు? ముల్లంగి ఇచ్చే చేత్తోనే ముద్ర వేస్తున్నారా? మా పేరుతో ఇంకా దేనిదేనికి సరేనన్నారు?

అక్టోబర్ 28, సోమవారం

స్టేషన్ పక్కన ముద్రలు చెక్కే ముసలాయన ఒక్కడే ఉన్నాడు ఈ ఊళ్లో. లంచ్ టైంలో వెళ్లాను. దొంగను పట్టుకోబోతున్న దానిలా నడిచాను, ఒప్పుకుంటాను. మా పేరు చెప్పగానే ముసలాయన ముఖం వెలిగిపోయింది.

ఆ పేరు మరిచిపోతానా అమ్మా అన్నాడు. ఇంత పొడుగు పేరును ఇంత చిన్న గుండ్రంలో కూర్చోబెట్టడానికి ముద్ర చెక్కే కడ్డీలు రెండు పాడయ్యాయట. నాలుగేళ్ల కింద. నవ్వుతూ అడిగాడు.

"మీ నాన్నగారు బాగున్నారా? నాకు తీపి గారెల ఉంగరాలు తెచ్చిచ్చారు, ఇప్పటికీ మా ఆవిడ తలుచుకుంటుంది."

అవి సేల్ రొట్టెలు. మా నాన్న ఎవరికైనా క్షమాపణ చెప్పుకోవలసి వస్తే చేయించేవి.

అక్టోబర్ 29, మంగళవారం

దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. రోజూ నాకు అన్నం పెడుతున్నాడు.

నవంబర్ 1, శుక్రవారం

స్టోర్‌రూంలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఓసాకా వాళ్లకు వీడియోలో ఇంటర్వ్యూ ఇచ్చాను. వెనక గోడ తెల్లగా కనబడాలని ఒక దుప్పటి కట్టాను. మీ బలం ఏమిటని అడిగారు. గమనిస్తాను అన్నాను. వాళ్లు దాన్ని రాసుకున్నారు. నా జీవితంలో మొదటిసారి ఒకరు దాన్ని మంచి విషయంగా రాసుకున్నారు.

నవంబర్ 3, ఆదివారం

తిహార్ ఆఖరి రోజు. అమ్మకు ఇక్కడ అన్నదమ్ములు లేరు కాబట్టి ఏటా టేక్ బాబాయ్‌ని కూర్చోబెట్టి ఏడు రంగుల బొట్టు పెడుతుంది. బొట్టు పెట్టించుకుని ఆయన షాపులోకి వెళ్లాడు. నాన్న కూరగాయలకు వెళ్లాడు. అమ్మ నూనె ముందు ఒక్కతే దొరికింది. ముద్ర సంగతి నాకు తెలుసని చెప్పాను. కొత్త ముద్ర నాన్న చేయించినదే అని కూడా చెప్పాను.

అమ్మ మూకుడు కింద మంట తగ్గించింది. తర్వాత చెప్పింది.

నాలుగేళ్ల కింద, షాపు పెట్టిన రెండో ఏడు, నేను కాలేజీలో ఉన్నప్పుడు, నాన్న వీధి సంఘం మీటింగుకు వెళ్లాడట. ఒకే ఒక్కసారి. షాపులో ఆర్డర్లు తీసుకునే జపనీస్ తప్ప ఆయనకు రాదు. వాళ్లు ఏం చెప్పినా హాయ్ హాయ్, అంటే అవునవునని, తల ఊపాడు. చివర్లో ఒకాయన గుడ్డలో చుట్టిన ఇనుప పిడి ఒకటి రెండు చేతులతో అందించాడు. నాన్న వంగి వంగి దండాలు పెట్టి తీసుకున్నాడు. కొత్తగా షాపు పెట్టినందుకు బహుమతి అనుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చూపించి, చూశావా, వీళ్లు పైకి ముభావంగా ఉంటారు గానీ మంచివాళ్లు అన్నాడు. దాంతో తందూరులో బొగ్గులు కదిపాడు. సరిగ్గా సరిపోయిందట.

అది కాలువ తూము తిప్పే పిడి. ఆ ఏడు తూము మూసే వంతు మా ఇంటిది. కాలువ పూడిక తీసే రోజు తెల్లవారకముందే వెళ్లి తూము మూస్తే, నీళ్లు తగ్గాక అందరూ దిగుతారు. ఆ ఆదివారం వానలో పదమూడు ఇళ్ల వాళ్లు రబ్బరు బూట్లు వేసుకుని, పారలు పట్టుకుని, నిండుగా పారుతున్న కాలువ గట్టున నిలబడ్డారు. నాన్న నిద్రపోతున్నాడు.

ఎనిమిదింటికి హొసొయా గారు వచ్చి మెల్లిగా అడిగారట, ఆ పిడి ఏమైనా అవసరం పడిందా అని. నాన్న తందూరు లోంచి తీసిచ్చాడు. నల్లగా, వేడిగా. ఆవిడ దాన్ని తువ్వాలులో పట్టుకుని, మేము సరిగ్గా చెప్పలేకపోయాము, క్షమించండి అన్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి అందరూ అదే మాట అన్నారు. పదమూడు ఇళ్లు. పదమూడు క్షమాపణలు.

అమ్మ చెప్పింది, ఆ రాత్రి నాన్న అన్నం తినలేదట. ఎవరో ఒకరు తిట్టి ఉంటే బాగుండేది అన్నాడట.

వారం తర్వాత హొసొయా గారే ఉపాయం చెప్పారు. మీకు షాపుతో తీరదు కదా, ఒక ముద్ర నా దగ్గర పెట్టండి, మీ గడిలో నేను వేసి నేరుగా పక్కింటికి పంపేస్తాను అని.

ఆవిడ దయ చూపించారా, మమ్మల్ని తీసి పక్కన పెట్టారా అని అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, రెండూ ఒకటే అయితే నీకేం నష్టం అంది.

నవంబర్ 6, బుధవారం

హొసొయా గారింటికి వెళ్లాను, నాన్‌లు లేకుండా. టీ పెట్టి, పండు కోసి పెట్టారు. ముద్ర సంగతి నేను ఎత్తగానే ఆవిడ లేచి సొరుగు లోంచి చిన్న గుడ్డసంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. పువ్వుల గుడ్డ, ఆవిడే కుట్టినట్టుంది. దాచిందేమీ లేదన్నట్టుగా. నాకు అదే నమ్మబుద్ధి కాలేదు.

ఆ పక్కనే ఈసారి బోర్డు. పైన కుమాగాయి గారి కాగితం. ఏప్రిల్ నుంచి వరుస పెద్ద వంతులు ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికో ఈసారి రాసి ఖాయం చేస్తారట. ఇప్పుడు వంతు నడుస్తున్న కుమాగాయి గారిది పదో ఇల్లు. పదకొండోది హొసొయా గారిది, వయసు వల్ల మినహాయింపు. కాబట్టి ఏప్రిల్ వంతు పన్నెండోది, అంటే మాది. మా పేరు పక్కన చిన్న అక్షరాలతో: "వారి కోరిక మేరకు వంతుల నుంచి శాశ్వతంగా మినహాయింపు." అట్టడుగున ఇంకో వాక్యం. వంతుల పట్టికనే ఆపద సమయంలో క్షేమం చూసే పట్టికగా వాడుతున్నారు. మినహాయింపు ఇళ్లలో హొసొయా గారిని మాత్రం వయసు దృష్ట్యా విడిగా చూస్తారు.

మమ్మల్ని చూడరు. నాలుగేళ్లుగా మొహమాటంతో నడిచినది ఇక రూలు అవుతుంది. ఎవరైనా ఒప్పుకోకపోతే పదిహేనో తారీఖు లోపు చెప్పాలి. మా గడి ఇంకా ఖాళీగానే ఉంది.

వారి కోరిక మేరకు అంటే ఎవరి కోరిక అని అడిగాను. ఆవిడ నొచ్చుకున్నారో లేదో తెలియలేదు.

"మీ నాన్నగారికి ఇబ్బంది కలగకూడదని అందరం అనుకున్నామండీ, ఇచ్ఛా గారూ."

అందరం. అంటే మేము తప్ప అందరూ కూర్చుని మా గురించి మాట్లాడుకున్నారు. ఏ గదిలో? ఎంతసేపు? ఎవరైనా నవ్వారా?

ముద్ర ఇవ్వమని అడిగాను. అది మీ నాన్నగారు నమ్మి పెట్టింది, ఆయన వచ్చి అడిగితే ఇస్తాను అన్నారు. కోపం తెప్పించే సంగతేమిటంటే, ఆవిడ మాట న్యాయంగానే ఉంది.

నవంబర్ 8, శుక్రవారం

ఓసాకా నుంచి మెయిల్. ఉద్యోగం ఇస్తున్నారు, ఏప్రిల్ ఒకటిన చేరాలి. పదిహేనో తారీఖు లోపు జవాబు.

ఇంట్లో చెప్పాను. రెండూ ఒకేసారి చెప్పాను, ఉద్యోగం సంగతీ, కాగితం సంగతీ. అమ్మ మొదటిది విని ఏడ్చింది. నాన్న రెండోది విని పిండి పిసకడం ఆపాడు. ముద్ర వెనక్కి తెచ్చుకుందాం, మినహాయింపు వద్దని చెబుదాం అన్నాను.

"చెప్పు. చెప్పి నువ్వు ఏప్రిల్లో రైలెక్కుతావు. కాలువ గట్టు మీద నిలబడాల్సింది నేను."

 టేక్ బాబాయ్ తందూరుకు మూత పెట్టి బయటికి వెళ్లాడు.

కానీ ఒకటి గమనించాను. పిడి గురించి అమ్మ నాకు చెప్పిందని నాన్నకు తెలిసిపోయింది. నా వైపు చూడటం లేదు. కుమాగాయి గారు మా గేటును చూడనట్టే.

నవంబర్ 10, ఆదివారం, ఉదయం 7.30

ఏడింటికి భూమి ఊగింది. పెద్దదేమీ కాదు, తీవ్రత నాలుగు. అరలో స్టీలు గ్లాసులు పడ్డాయి. సైరన్ మోగలేదు. అయినా పది నిమిషాల్లో వీధిలో పసుపు గుడ్డలు.

నేను పైనుంచి చూస్తుంటే అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో పసుపు డబ్బాలు తుడిచే గుడ్డ. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి అది పూర్తిగా పసుపైపోయింది. గేటుకు కట్టింది. ముడి సరిగ్గా పడిందా అని లాగి చూసింది. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు.

కుమాగాయి గారు కాగితంతో వచ్చారు. ఈసారి ఆగారు. గుడ్డ చూశారు. కాగితం చూశారు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశారు. టిక్కు పెట్టడానికి మా పేరే లేదు అందులో. అమ్మకు ఒక నమస్కారం పెట్టి, పెన్ను చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయారు.

అమ్మ సంతోషంగా లోపలికి వచ్చింది. చూశాడుగా అంది. చూడటం కాదమ్మా, రాసుకోవాలి అన్నాను. అమ్మ ముఖం చూసి, అనకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ అబద్ధం కాదు.

నవంబర్ 12, మంగళవారం

ముద్ర అడగడం మానేశాను. ముద్ర నాన్నది. బోర్డు మాత్రం ఇంటిది. ఆ ఇంట్లో నేనూ ఉంటున్నాను. హొసొయా గారి గుమ్మంలో నిలబడి, ఈసారి మా గడిలో వెయ్యొద్దు, మిగతా ఇళ్లకు ఇచ్చినట్టే మాకూ బోర్డు పంపండి అన్నాను. ఆవిడ తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నారు. అలాగేనండీ అన్నారు.

నవంబర్ 13, బుధవారం

పదింటికి తెచ్చారు. రెండు చేతులతో. బరువనిపిస్తే తిరిగి నాకే ఇచ్చేయండి అని వెళ్లారు. ఇది కూడా దయేనా?

లంచ్ అయ్యాక అమ్మ ఎదురుగా కూర్చుని మొత్తం చదవమంది. ఫ్లూ సూదులు. ముల్లంగుల అమ్మకం. స్కూలు దగ్గర ఎలుగుబంటి అడుగులు. తప్పిపోయిన పిల్లి, తోక సగమే ఉంటుంది. ప్రతి కాగితం నేపాలీలో చెప్పించుకుంది. పిల్లి దొరికిందా అని రెండుసార్లు అడిగింది. నాలుగేళ్ల వీధిని ఒక్క మధ్యాహ్నంలో వినాలన్నట్టు కూర్చుంది. టేక్ బాబాయ్, అర తోక పిల్లి మన చెత్తబుట్ట దగ్గర తిరిగేదే, దానికి చికెన్ టిక్కా అలవాటు చేసింది నేనే, ఎవరికీ చెప్పకండి అన్నాడు.

నాన్న ఫ్రిజ్ వెనక నిలబడి విన్నాడు. అక్కడ పనేమీ ఉండదు.

నవంబర్ 14, గురువారం

రాత్రి నాన్న నాతో ఒక మాట అన్నాడు. ఆరు రోజుల తర్వాత మొదటి మాట.

"మా కోసం ఉండిపోతే మాత్రం నేను ఒప్పుకోను."

మళ్లీ తప్పే అర్థం చేసుకున్నాడు. వీళ్ల కోసం కాదు. ఆ గదిలో పదమూడు ఇళ్లు కూర్చుని ఏం మాట్లాడుకుంటాయో నాకు తెలియాలి. ఎవరు మా పేరు మొదట ఎత్తారో, ఎవరు తల ఊపారో, 'ఇబ్బంది కలగకూడదు' అన్నప్పుడు ఎవరు గోడ వైపు చూశారో. అది ఓసాకా నుంచి కనబడదు. ఆ సంగతి చెప్పలేదు. చెబితే, అదిగో అనుమానం అంటారు.

నవంబర్ 15, శుక్రవారం

మినహాయింపు వాక్యం మీద గీత కొట్టాను. మా గడిలో ముద్ర లేకుండా పెన్నుతో నా పేరు రాశాను. బోర్డు పదమూడో ఇంట్లో ఇచ్చాను. ఓసాకాకు రానని రాశాను.

నాన్నను అడగలేదు.

ఏప్రిల్ నుంచి మూడో వరుసకు పెద్దను నేను.